పచ్చచుక్క ఆరకుండా ఉద్యోగం చేయడం ఎలా?

ఉద్యోగం ఎలా సంపాదించాలో చెప్పే పుస్తకాలు కోఠీ ఫుట్‌పాత్ మీద గుట్టలుగా దొరుకుతాయి. సంపాదించిన ఉద్యోగాన్ని ఎలా చేయాలో చెప్పడానికి ఆఫీసుల్లో ట్రైనింగులున్నాయి. చేస్తున్నట్టు ఎలా కనబడాలో మాత్రం ఎవరూ చెప్పరు. ఈ రోజుల్లో జీతం పడేది దానికే కాబట్టి, తోటివాళ్ళ మేలు కోరి ఈ గైడు రాస్తున్నాను. వరస తప్పితే సర్దుకోండి.

ముందు నౌకరీ డాట్ కామ్ ప్రొఫైల్. రోజూ పొద్దున్నే దాన్ని తెరిచి, ఎక్కడో ఒక ఫుల్‌స్టాప్ తీసేసి సేవ్ చేయండి. మర్నాడు ఆ ఫుల్‌స్టాప్ మళ్ళీ పెట్టండి. ఈమధ్య కదలిక ఉన్న ప్రొఫైళ్ళను వేరుగా ఏరుకునే సౌకర్యం రిక్రూటర్లకు ఉంది. అక్కడ పదేళ్ళ అనుభవం కన్నా నిన్నటి ఫుల్‌స్టాప్‌దే పైచేయి. కంపెనీ మారే ఉద్దేశం లేకపోయినా ఇది మానకండి. ‘మార్కెట్లో మన రేటెంతో తెలియాలి కదా’ అంటే ఎవరూ కాదనలేరు. మీ కంపెనీని మాత్రం బ్లాక్ చేసి ఉంచండి. మీ హెచ్చార్‌కి కూడా అక్కడ లాగిన్ ఉంటుంది.

తర్వాత రెజ్యూమె. దాన్ని ముందు చదివేది మనిషి కాదని గుర్తుంచుకోండి. ఒక్క నొక్కుతో అప్లై చేసే వీలొచ్చాక ఒక్కో ఖాళీకి అప్లికేషన్లు వందలూ వేలూ వచ్చి పడుతుంటే, కంపెనీలు వడపోత సాఫ్ట్‌వేర్లు పెట్టుకున్నాయి. వాటిని మెప్పించడానికి మనం చాట్‌జీపీటీతో రెజ్యూమె రాయిస్తున్నాం. అవతల ఉద్యోగ ప్రకటన కూడా హెచ్చార్‌వాళ్ళు దాంతోనే రాయించి ఉంటారు. ఒక యంత్రం అడిగింది, ఇంకోటి జవాబిచ్చింది, మూడోది మార్కులేసింది. ఇందులో మన సొంతం అంటూ ఏదైనా ఉంటే అది పేరూ, ఫోన్ నంబరూ. ప్రకటనలోని మాటలన్నీ తెల్లరంగు అక్షరాల్లో కింద అతికించమని కొందరు అనుభవజ్ఞులు చెబుతారు. మంచి సలహానే. కొన్ని సాఫ్ట్‌వేర్లు రంగులన్నీ తీసేసి ఉన్నదంతా రిక్రూటరు ముందు నల్లగా పరుస్తాయి, అంతే.

అమ్మాయిలకు విడిగా ఒక చిట్కా. మహిళా కాలేజీలో చదివితే ఆ సంగతి బయటపెట్టకండి. అమెజాన్‌వాళ్ళు అప్పట్లో రెజ్యూమెలకు చుక్కలేసే యంత్రమొకటి తయారు చేశారు. పదేళ్ళుగా వచ్చిన రెజ్యూమెలు చూసి నేర్చుకోమన్నారు. అవి ఎక్కువగా మగవాళ్ళవి. అది చక్కగా నేర్చుకుంది. ‘మహిళల చెస్ క్లబ్ కెప్టెన్’ అని రాసుకున్నవాళ్ళకు మార్కులు కోసింది, రెండు మహిళా కాలేజీల పట్టభద్రులను కిందకి నెట్టింది. సరిచేయబోయి, నమ్మకం కుదరక, చివరికి ప్రాజెక్టునే ఎత్తేశారు. ఈ సంగతి 2018 అక్టోబరులో రాయిటర్స్ రాస్తే లోకానికి తెలిసింది. తిరుపతిలో పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం ఉంది. ఆ యంత్రం మన దాకా వచ్చి ఉంటే గోల్డ్ మెడల్ సంగతి తర్వాత, యూనివర్సిటీ పేరు చూడగానే మొహం తిప్పుకునేది. దాని తప్పేం లేదు పాపం, ముందు పెట్టిన రెజ్యూమెలు చూసి నేర్చుకుంది.

ఇక అసలు విద్య, పచ్చచుక్క. ఆఫీసు చాటింగ్ యాప్ టీమ్స్‌లో మన ఫొటోని అంటిపెట్టుకుని ఉంటుంది. ఐదు నిమిషాలు కీబోర్డు, మౌస్ ముట్టకపోతే పసుపు రంగుకి తిరుగుతుంది. కాగితం మీద కొత్త డిజైన్ గీసుకుంటూ తల బద్దలు కొట్టుకుంటున్నా పసుపే, కునుకు తీసినా పసుపే. టచ్‌ప్యాడ్ నిమురుతూ క్రికెట్ స్కోరు చూస్తే మాత్రం పచ్చ. కాబట్టి దాన్ని అఖండ దీపంలా కాపాడుకోవాలి. సెకన్ల ముల్లున్న చేతి గడియారం మీద ఆప్టికల్ మౌస్‌ను పెట్టండి. కింద ముల్లు తిరిగినప్పుడల్లా తెర మీద బాణం గుర్తు వెంట్రుకవాసి జరుగుతుంది. మీరు కూరగాయలకు వెళ్ళి రావచ్చు. డబ్బులుంటే మౌస్ జిగ్లర్ అని చిన్న యంత్రమే అమ్ముతున్నారు. రెండూ లేకపోతే మా ఇంటి పద్ధతి ఉంది: కుడిచేత్తో ముద్దపప్పులో ఆవకాయ కలుపుకుంటూ, ఎడమచేతి చిటికెన వేలితో టచ్‌ప్యాడ్ మీద సున్నాలు చుట్టడం. ‘అన్నం తినేటప్పుడైనా ఆ చేతికి విశ్రాంతి ఇవ్వరా’ అని అమ్మ కసురుకుంటే ‘ప్రొడక్షన్ ఇష్యూ అమ్మా’ అంటే సరి. ఆవిడకి ఆ రెండు ముక్కలూ ఎప్పుడో అలవాటైపోయాయి.

జాగ్రత్త కూడా అవసరమే. 2024లో వెల్స్ ఫార్గో బ్యాంకు అమెరికాలో డజనుకు పైగా ఉద్యోగులను పంపించేసింది. పనిచేస్తున్నట్టు భ్రమ కలిగేలా కీబోర్డు కదలికలు పుట్టించారట. పని చేశారా లేదా అన్నది కాదు, కదలికలు అసలువా నకిలీవా అన్నదే అక్కడ పంచాయితీ.

ఇది ఏసీ గదుల రోగమనుకుంటే పొరపాటు. ఉపాధి హామీ పనుల్లో 2023 జనవరి నుంచి ఫోన్ యాప్ హాజరు తప్పనిసరి చేశారు. రోజుకు రెండుసార్లు కూలీలను నిలబెట్టి ఫొటో తీసి ఎక్కించాలన్నారు. పొద్దున్నుంచీ ఎండలో గడ్డపార వేసినా, సిగ్నల్ లేక ఫొటో ఎక్కకపోతే ఆ పూట కూలికి దిక్కెవరు? రెండున్నరేళ్ళు తిరిగేసరికి, 2025 జులైలో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖ రాష్ట్రాలకు లేఖ రాసుకోవాల్సి వచ్చింది. పనితో సంబంధం లేని ఫొటోలు వస్తున్నాయనీ, ఫొటోనే మళ్ళీ ఫొటో తీసి పెడుతున్నారనీ! మా గడియారం, మౌస్ ఎందుకు పనికొస్తాయి దాని ముందు? విరుగుడుగా ఆ ఫొటోలను పంచాయతీ నుంచి పైదాకా మనుషులు కూర్చుని సరిచూడాలన్నారు. మనిషి లెక్కను నమ్మలేక యాప్ పెట్టారు, యాప్‌ను నమ్మలేక మనిషిని పెట్టారు.

ఒక్క నిమిషం వెటకారం పక్కన పెడతాను. చుక్క చూసి మనిషిని కొలవడం అన్యాయమని నాకు తెలుసు. అయినా నేను మెసేజ్ పెట్టిన అరగంటకీ ఉలుకూ పలుకూ లేకపోతే ముందు చూసేది అవతలివాళ్ళ చుక్కనే. పసుపుగా ఉంటే ‘ఎక్కడ తిరుగుతున్నాడో’ అనుకుంటాను. పచ్చగా ఉంటే ‘చూసి కూడా ఊరుకున్నాడు’ అనుకుంటాను. ఎటొచ్చినా తప్పు అతనిదే. నా చుక్కను మేనేజరూ, ఆయన చుక్కను ఆయన పైవాళ్ళూ ఇలాగే చూస్తుంటారు. పగలంతా ఈ కాపలాలతో సరిపోతుంది. తల దించుకుని చేసే పని రాత్రి పదింటి తర్వాత, ఇక పిలిచేవాళ్ళు లేరని నమ్మకం కుదిరాక మొదలవుతుంది.

చిల్లర చిట్కాలు కొన్ని. ఆఫీసు వాట్సాప్ గ్రూపులో సారు గుడ్‌మార్నింగ్‌కి మొదటి దండం మీదే అయ్యుండాలి, ఆదివారమైతే మరీను. సాయంత్రం ఆరింటికి రాసిన మెయిల్‌ను రాత్రి 11:40కి వెళ్ళేలా షెడ్యూల్ చేయండి. చదివినట్టు తెలియకుండా నీలం టిక్కులు ఆపేసుకోండి, గ్రూపుల్లో మాత్రం అవి ఆగవు.

లింక్డ్‌ఇన్‌లో పోస్టు పెట్టేటప్పుడు, ఉద్యోగంలో చేరితే ‘థ్రిల్డ్’, మానేస్తే ‘గ్రేట్‌ఫుల్’, తీసేస్తే ‘న్యూ చాప్టర్’. ఉద్యోగం పోయినవాళ్ళకు ఫొటో చుట్టూ ‘ఓపెన్ టు వర్క్’ అని పచ్చటి పట్టీ కట్టుకునే సౌకర్యం 2020 నుంచి ఉంది. ఉద్యోగం ఉంటే పచ్చచుక్క, పోతే పచ్చపట్టీ. కట్టుకుంటే గతిలేక తిరుగుతున్నాడంటారు, కట్టుకోకపోతే అవసరం లేదేమో అనుకుంటారు. పెళ్ళి సంబంధాలవాళ్ళు కూడా అక్కడే ఆరా తీస్తున్నారు కాబట్టి, పట్టీ మానేసి, వెతుకుతున్న సంగతి రిక్రూటర్లకు మాత్రమే కనబడేలా పెట్టుకోవడం ఉభయతారకం.

రెండో ఉద్యోగం రహస్యంగా చేసే ధీరులకు, దొంగ అనుభవం కాగితాలు కొనుక్కునే ఉద్దేశమున్నవాళ్ళకు ఒకటే మాట: పీఎఫ్. 2022 సెప్టెంబరులో విప్రో చైర్మన్ రిషద్ ప్రేమ్‌జీ, పోటీ కంపెనీలకూ పనిచేస్తున్న 300 మందిని పట్టుకుని తీసేశామని బహిరంగంగానే చెప్పారు. ఇప్పుడు వెరిఫికేషన్‌వాళ్ళు యూఏఎన్ సర్వీస్ హిస్టరీ, అంటే మన పీఎఫ్ నంబరు మీద ఎక్కడెక్కడ ఎన్నాళ్ళు పనిచేశామో చూపే చిట్టా, అడుగుతున్నారు. ఆఫర్ లెటరు, పేస్లిప్పులు ఏ జిరాక్స్ సెంటర్లోనైనా పుడతాయి. రెండేళ్ళ పాటు నెలనెలా పడిన పీఎఫ్ అక్కడ పుట్టదు.

చివరగా ఇంటర్వ్యూ. తెర ముందు మీరు పెదవులు కదుపుతుంటే పక్కగదిలోంచి వేరేవాడు జవాబులు చెప్పే కాలం దాటిపోయింది. ఇప్పుడు ఏఐ చెవిలోనూ చెబుతుంది, తెర మూలనా రాసిపెడుతుంది. దీన్ని పట్టుకోవడానికి కెమెరా గదంతా తిప్పి చూపించమంటున్నారు, కళ్ళు మూసుకుని జవాబు చెప్పమంటున్నారు. అదీ కుదరక పెద్ద కంపెనీలు పాత దారి పడుతున్నాయి. గూగుల్‌లో కనీసం ఒక రౌండైనా ఎదురెదురుగా కూర్చోబెట్టి చేస్తామని సుందర్ పిచాయ్ 2025లో చెప్పారు. మీకూ అలాంటి పిలుపు రావచ్చు. ఇన్నాళ్ళూ చొక్కా ఒక్కటే ఇస్త్రీ చేయించారు కదా, ఈసారి ప్యాంటు కూడా ఇవ్వండి.