కుర్చీలాట

శాంతిభద్రతల నిర్ణయాల్లో మహిళలుండాలని భద్రతా మండలి 1325వ తీర్మానం చేసింది 2000లో. ఐరోపా సమాఖ్య బుద్ధిగా తలూపి, వ్యూహపత్రాలు దస్తాలకొద్దీ అచ్చేసింది. తీరా 2021 ఏప్రిల్‌లో అంకారా భేటీలో టర్కీ అధ్యక్షుడు ఎర్డోగాన్ పక్కనున్న ఒకే ఒక్క కుర్చీలో ఐరోపా మండలి అధ్యక్షుడు షార్ల్ మిషెల్ చటుక్కున కూర్చున్నారు. జర్మనీ రక్షణ శాఖను ఐదేళ్లకు పైగా నడిపిన ఐరోపా కమిషన్ అధ్యక్షురాలు ఉర్సులా ఫాన్ డెర్ లెయెన్ కాసేపు నిలబడి చూసి, గొంతు సవరించుకుని, ఎడంగా ఉన్న సోఫాలో సర్దుకున్నారు. తప్పు మీదంటే మీదని టర్కీ, ఐరోపా పక్షాలు వాదులాడుకున్నాయి. కుర్చీ ఎక్కిన పెద్దమనిషి మాత్రం ముమ్మాటికీ బ్రసెల్స్ సరుకే!

నాటో సంగతంటారా? 1952 నుంచి 14 మంది ప్రధాన కార్యదర్శులు, 14 మందీ మగమహారాజులే. పదిహేనో ఆయన కోసం కోటు ఇప్పటికే కుట్టించే ఉంటారు.