మనసు లేచింది, ఒళ్లే లేవలేదు

ఇక కదలక్కర్లేదండి. పొద్దున్నే అద్దం ముందు నిలబడి ‘నేను చురుకైన మనిషిని’ అనుకుంటే చాలని కొత్త గురువులు సెలవిస్తున్నారు. మనసు ఒప్పుకుంటే ఒళ్లు వెనకే వస్తుందట. మా రాజమండ్రి దానవాయిపేటలో మనసులు ఎప్పుడో ఒప్పేసుకున్నాయండి. ఒళ్లే ఇంకా పడక్కుర్చీల్లోంచి లేవలేదు, ఆయ్.

రుజువు కావాలా? ప్రభుత్వం వారి యోగాంధ్ర సర్టిఫికెట్ ఉంది. 2025 జూన్ 21న విశాఖలో 3 లక్షల మంది ఆసనాలేసి గిన్నిస్‌కెక్కారు, కాదనను. రాష్ట్రమంతటా 2 కోట్ల మందిని చేర్చాలన్నారు. అందులో మా పై వాటా పెద్దాయనా ఉన్నారు. ఫోన్లో పేరు నమోదయింది, కాగితం వచ్చింది. దానికి ఫ్రేము కట్టించి, పెళ్లిఫొటో పక్కన తగిలించారు. మేకు కొట్టింది మాత్రం వడ్రంగి.

ఆ ఫ్రేముకి జరిగే మర్యాద చూడాలి. చుట్టాలొస్తే ముందు దాని దర్శనం, తర్వాతే కాఫీ. దుమ్ము పనమ్మాయి దులుపుతుంది. డాక్టరు ‘నడుస్తున్నారా?’ అంటే ‘యోగా అండి’ అంటారు. వాళ్లావిడ కూరల సంచీ మోసుకుని రెండంతస్తులెక్కి వస్తే, ‘నువ్వూ కాస్త చురుగ్గా ఉండాలోయ్’ అని హితవు చెబుతారు.

సర్టిఫికెట్టుకే కాదు, అంకెలకీ మొక్కుతాం. రోజుకి పదివేల అడుగులన్నది 1965లో జపాన్‌వాళ్లు అడుగులు లెక్కపెట్టే పరికరం అమ్ముకోడానికి పెట్టిన అంకె. అదీ మనకి వేదమే.

కడియం నర్సరీల్లో పొద్దస్తమానం కుండీలు మోసే ఆడకూలీకి, గోదాట్లో మునిగి బకెట్టుతో ఇసుక తోడే పడవమనిషికి ఏ గురువూ చెప్పడు, మీరు చురుకైనవాళ్లని. వాళ్లకి అమ్ముకోడానికేముంది?

దేశంలో పెద్దవాళ్లలో సుమారు సగం మందికి చాలినంత కదలిక లేదని, ఆడవాళ్లలో అది 57 శాతమని 2024లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్‌లో అచ్చయింది. నూటికి ఆ 57 మందికీ ఆత్మవిశ్వాసమే కరువైందా? వంటిల్లు, పిల్లలు, ముసలాళ్లు, ఆఫీసు అయ్యాక ఆమెకి మిగిలే అరగంట ఎవరిస్తారు? ఇచ్చినా ఎక్కడ నడవాలి? మెయిన్‌రోడ్డులో కాలిబాట మీద దుకాణం, దుకాణం ముందు బండ్లు, బండ్ల పక్కన లారీ. ఇంత అన్యాయాన్ని ఆమె మనసులో ఉన్న లోపం కింద జమకట్టేస్తే సిగ్గనిపించదా?

2027లో గోదావరి పుష్కరాలు. ఘాట్లకి, రోడ్లకి అంచనాలు వేస్తున్నారు. అందులో దేవీచౌక్ నుంచి గట్టుదాకా ఓ ముసలావిడ ఎవరి చెయ్యీ పట్టుకోకుండా నడిచిపోయే బాట ఒకటి రాయండి. ఆవిడ తనని తాను ఏమనుకుంటుందో ఆవిడిష్టం.