బాకీ మీది, తాకట్టు మా పిల్లల సర్టిఫికెట్లు

గౌరవనీయులైన ఫీజు రీయింబర్స్‌మెంట్ పథకం గారికి,

ఉమ్మడి నల్గొండ జిల్లాలోని ఒక చిన్న పట్టణంలో, ప్రైవేటు డిగ్రీ కాలేజీలో కామర్స్ పాఠాలు చెప్పే అధ్యాపకురాలిని. మీకు నేను తెలియకపోవచ్చు. మీ తరఫున మాత్రం చాలా ఇళ్లలో మాట ఇచ్చిన మనిషిని. ఆ మాట గురించే ఈ ఉత్తరం.

ముందు మీరు చేసిన మేలు చెప్పాలి. అది చెప్పకుండా ఫిర్యాదుకు దిగితే అన్యాయం అవుతుంది. ఎస్సీ విద్యార్థులకు కేంద్రం ఇచ్చే పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ 1944 నుంచే ఉంది. బీసీ ఇళ్లలో మాత్రం ఇంటర్ అయిపోయిందంటే కొడుకుకు పని, కూతురికి పెళ్లి. అంతకుమించి మాట సాగేది కాదు. 2008లో, ఉమ్మడి రాష్ట్రంలో వైఎస్ రాజశేఖరరెడ్డి ప్రభుత్వం బీసీ పిల్లలకూ, ఆ తర్వాత ఈబీసీ పిల్లలకూ కాలేజీ ఫీజు తానే కడతానని ముందుకు వచ్చింది. మీ పుట్టుక అదే. ఆ తర్వాత మా తరగతి గదులు మారిపోయాయి. గీత కార్మికుల పిల్లలు, నేత కార్మికుల పిల్లలు, హమాలీల పిల్లలు వచ్చి కూర్చున్నారు. వీళ్లలో చాలామంది ఇంట్లో అంతకు ముందు కాలేజీ గడప తొక్కినవాళ్లు లేరు. వాళ్లలో కొందరు ఇవాళ హైదరాబాద్ సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో ఉన్నారు, కొందరు అమెరికా కూడా వెళ్లారు. ఊళ్లో ఉండి టీచరుగా, బ్యాంకు గుమస్తాగా బతుకుతున్నవాళ్లు ఇంకా ఎందరో. ఆడపిల్ల పెళ్లి మూడేళ్లు వెనక్కి జరగడానికి మా ప్రాంతంలో మీకంటే పెద్ద కారణం నాకు కనపడలేదు. ఇందుకు మీకు చేతులెత్తి దండం పెడతాను.

అందుకే మీ పని కూడా నేను నా పనిలాగే చేశాను. ప్రైవేటు కాలేజీల్లో అధ్యాపకులకు ఎండాకాలం సెలవులు ఉండవు, అడ్మిషన్ల కోసం ఊళ్లు తిరగాలి. వెళ్లిన ప్రతి ఇంట్లో మీ పేరే చెప్పేదాన్ని. ఒక ఇంట్లో తండ్రి, లారీ మీద కూలి, మంచం మీంచి లేచి నిలబడి అడిగాడు: "మేడమ్, సర్కారు కడతదంటున్నరు. కట్టకపోతే నా బిడ్డను అడుగుతరా?" అడగరన్నా, అది సర్కారు బాధ్యత అని చెప్పాను. ఆయన ఆ మాట నమ్మి పిల్లను పంపాడు. అప్లికేషన్లు నింపాను, ఈపాస్ వెబ్‌సైట్ మొరాయించినప్పుడు రాత్రి పదకొండు తర్వాత ఇంట్లో కూర్చుని అప్‌లోడ్ చేశాను, ఆధార్‌లో ఒక స్పెల్లింగు, పదో తరగతి మెమోలో ఇంకో స్పెల్లింగు ఉన్న పిల్లల్ని వెంటబెట్టుకుని మీసేవకు నడిచాను. ఇదంతా నాకు భారం కాలేదు. మీరు నిలబడతారన్న నమ్మకం ఉంది కాబట్టి.

ఇప్పుడు ఆ నమ్మకానికి ఏం జరిగిందో చెబుతాను.

బీకాం పాసైన ఒక అమ్మాయి. ఐసెట్‌లో మంచి ర్యాంకు తెచ్చుకుంది. హైదరాబాద్‌లో ఎంబీఏ సీటు వచ్చింది. రిపోర్టింగ్‌కు గడువు దగ్గర పడింది. టీసీ, మెమోలు కావాలని ఆఫీసు కిటికీ దగ్గరకు వచ్చింది. గుమస్తా లెడ్జరు తీశాడు. ఆ పేజీ నేను పక్కనే నిలబడి చూశాను. పైన అమ్మాయి పేరు, హాల్‌టికెట్ నంబరు. మొదటి సంవత్సరం ఎదురుగా నీలం సిరాతో "ఆర్‌టీఎఫ్ వచ్చింది", అంటే మీరు కట్టే ట్యూషన్ ఫీజు అందిందని. రెండు, మూడు సంవత్సరాల ఎదురుగా ఎర్ర సిరాతో "పెండింగ్". కింద మొత్తం: 30,000. "ఇది కట్టి తీసుకుపో తల్లీ. గవర్నమెంటు నుంచి వచ్చినాక నీ ఖాతాలో వేస్తం" అన్నాడు. అతని గొంతులో కాఠిన్యం లేదు. అతనికి కూడా నాలుగు నెలలుగా జీతం లేదు.

ఆ అమ్మాయి తండ్రి నూటికి మూడు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చాడు. నెలకు 900 రూపాయలు. మీరు ఆలస్యం చేసిన ప్రతి నెలకూ ఆ ఇల్లు 900 కడుతుంది. రేపు ఎప్పుడో మీ 30,000 వస్తే 30,000 వస్తుంది, ఆ వడ్డీ రాదు. అది ఏ పద్దులోనూ, ఏ బడ్జెట్ ప్రసంగంలోనూ కనపడదు.

పథకం గారూ, నా అసలు ఫిర్యాదు ఇదే. బాకీ పడింది మీరు. కాలేజీకి డబ్బు కట్టాల్సింది మీరు. అయినా లెడ్జరులో బాకీదారుగా ఉన్నది ఆ పిల్ల పేరు. ఆ బాకీకి తాకట్టుగా బీరువాలో ఉన్నది ఆమె సర్టిఫికెట్లు. అప్పు చేయని మనిషిని అప్పుల పాలు చేయడానికి ఇంతకంటే సులువైన పద్ధతి ఇంకోటి లేదు. అడ్మిషన్ రోజునే చాలాచోట్ల తల్లిదండ్రుల చేత ఒక కాగితం మీద సంతకం పెట్టించుకుంటారు, "ప్రభుత్వం చెల్లించని పక్షంలో మేమే చెల్లిస్తాము" అని. మీ మాట మీద మీ కాలేజీలకే భరోసా లేదనడానికి ఆ కాగితం సాక్ష్యం. ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీలు దగ్గర పెట్టుకోకూడదని యూజీసీ 2018లోనే చెప్పింది. ఆ ఉత్తర్వు కాపీ పట్టుకుని కిటికీ దగ్గర నిలబడి వాదించే ధైర్యం, రేపు రిపోర్టింగ్ ఉన్న పద్దెనిమిదీ ఇరవయ్యేళ్ల పిల్లకు ఎక్కడినుంచి వస్తుంది? కోర్టుకు వెళ్లాలన్నా చేతిలో డబ్బు ఉండాలి.

మీ టోకెన్ల సంగతి కూడా అడగాలి. కాలేజీ నుంచి బిల్లు జిల్లా సంక్షేమ కార్యాలయానికి పోతుంది, అక్కడినుంచి ట్రెజరీకి పోతుంది, ట్రెజరీ ఒక టోకెన్ నంబరు ఇస్తుంది. ఆ నంబరు వచ్చిన రోజు మా స్టాఫ్‌రూంలో అందరూ ఒకరికొకరు చెప్పుకుంటాం. తర్వాత నెలలు గడుస్తాయి. నంబరు నంబరుగానే ఉంటుంది. మార్చి వెళ్లిపోతుంది, కొత్త ఆర్థిక సంవత్సరం వస్తుంది, పాత టోకెన్ల మీద కొత్త టోకెన్లు పేరుకుంటాయి. జీతం అందని మేము టోకెన్ చూపిస్తే ఇంటి ఓనరు అద్దె మాఫీ చేయడు.

2025లో తెలంగాణ ప్రైవేటు కాలేజీలు బకాయిల కోసం నవంబరు 3 నుంచి నిరవధికంగా మూతపడ్డాయి. మీ నుంచి కొంత విడుదల చేస్తామన్న హామీ వచ్చాక తెరుచుకున్నాయి. రావాల్సిన డబ్బు రాబట్టుకోవడానికి చదువు ఆపాల్సి వచ్చింది. యాజమాన్యాలందరూ పాపం ఎరగనివాళ్లని నేను అనడం లేదు. మీ డబ్బు కోసమే భవనాలు లేపి, అధ్యాపకులు లేకుండా రిజిస్టర్లలో విద్యార్థుల్ని నింపినవాళ్లు ఉన్నారు. 2016లో కాలేజీల్లో విజిలెన్స్ తనిఖీలు కూడా జరిగాయి. దొంగల్ని పట్టుకోవాల్సిందే. దానికీ, నిజాయితీగా హాజరు వేయించుకుని చదివిన పిల్ల ఫీజు ఆపడానికీ సంబంధం ఏమిటి?

ఇంజినీరింగ్ పిల్లల బాధ వేరు. బీసీ, ఈబీసీ విద్యార్థికి ఎంట్రన్స్‌లో 10,000 లోపు ర్యాంకు వస్తే పూర్తి ఫీజు, దాటితే 35,000 వరకే అన్నారు. ఆ 35,000 ఏళ్లు గడిచినా అక్కడే నిలబడి ఉంది. ఫీజులు నిలబడలేదు. మూడేళ్లకోసారి ఫీజుల కమిటీ కూర్చుంటుంది, ఫీజులు పెరుగుతూ వచ్చాయి. 2022లో కనీస ఫీజే 45,000 అయింది. 95,000 ఉన్న కాలేజీలో సీటు వచ్చిన పిల్లవాడి ఇల్లు ఏడాదికి 60,000, నాలుగేళ్లకు 2,40,000 సొంతంగా తేవాలి. 10,000 లోపు ర్యాంకు తెచ్చుకునే పిల్లల్లో ఎక్కువమంది ఎక్కడ చదువుతారో మీకు నేను చెప్పాలా? హైదరాబాద్, విజయవాడ కార్పొరేట్ కాలేజీల్లో లక్షలు పోసి చదువుతారు. మండల కేంద్రంలో సర్కారు జూనియర్ కాలేజీలో చదివిన పిల్లవాడు 24,000 ర్యాంకు తెచ్చుకుంటే నా దృష్టిలో వాడిదే గొప్ప ర్యాంకు. మీ ర్యాంకు గీత వాడినే బయట నిలబెడుతుంది.

ఆదాయం గీత కూడా అలాంటిదే. గ్రామంలో ఉండే బీసీ కుటుంబానికి ఏడాదికి 1,50,000. అంటే నెలకు 12,500. భార్యాభర్తలు ఇద్దరూ రోజూ కూలికి పోతే ఈ గీత దాటిపోతారు. ఇద్దరూ కష్టపడడం నేరమైనట్టు, ఆదాయం తక్కువ రాయించుకోవడానికి ఆఫీసుల చుట్టూ తిరగాలి. ఆ సర్టిఫికెట్ తెచ్చాక మీసేవలో వేలిముద్ర. సెలవుల్లో పత్తి ఏరి వచ్చిన పిల్లల వేళ్లను యంత్రం గుర్తుపట్టదు. ఒక అమ్మాయి అలా యంత్రం మీద వేలు పెట్టి తీసి, పెట్టి తీసి, చివరికి చున్నీ కొంగుతో వేలు రుద్దుకుని మళ్లీ పెట్టడం నేను చూశాను. అయినా ఎర్ర లైటే వచ్చింది. ఆ రోజు కూలి కూడా పోయింది.

మీ పేర్లు మార్చారు, దారులు మార్చారు. రాష్ట్రం విడిపోయిన 2014లో ఇక్కడ మీకు ఫాస్ట్ అని పేరు పెట్టి, 1956 నవంబరు 1కి ముందు నుంచి ఈ ప్రాంతంలో ఉన్న కుటుంబాలకే అన్నారు. పిల్లలు నెలల తరబడి గాల్లో ఉన్నాక ఆ షరతు తీసేశారు. ఆంధ్రప్రదేశ్‌లో 2019 తర్వాత విద్యా దీవెన అన్నారు, డబ్బును తల్లుల ఖాతాల్లో వేశారు. ప్రభుత్వం మారాక మళ్లీ కాలేజీల ఖాతాల దారి పట్టించారు. తల్లి ఖాతా మంచిదా, కాలేజీ ఖాతా మంచిదా అని వాదించుకునేవాళ్లు వాదించుకోనివ్వండి. మా పిల్లలకు కావాల్సింది ఏ ఖాతాలోనైనా పరీక్షలకు ముందు డబ్బు పడడం. రెండు రాష్ట్రాల్లోనూ, ఏ పార్టీ ఉన్నా, బకాయిలు మాత్రం ఒక ప్రభుత్వం నుంచి ఇంకో ప్రభుత్వానికి వారసత్వంగా వస్తూనే ఉన్నాయి.

మీరు లేకపోతే బ్యాంకు అప్పు ఉంది కదా అనే పెద్దమనుషులు ఉన్నారు. 4 లక్షల వరకు హామీ అడగరు, చదువు అయ్యాక మరో ఏడాది వరకు కిస్తీ ఉండదు, నిజమే. వడ్డీ మాత్రం మొదటి రోజు నుంచే లెక్కలో పడుతుంది. 2024 నవంబరులో వచ్చిన పీఎం విద్యాలక్ష్మి అప్పు పథకం ఎంపిక చేసిన పేరున్న సంస్థల్లో సీటు వచ్చినవాళ్లకు. మా పట్టణంలో డిగ్రీ చదివే పిల్లకు అది వర్తించదు. బ్యాంకు మేనేజరు బీకాంకు అప్పు ఇవ్వడానికి ఇష్టపడడు. పైగా ఆ పిల్ల మొదటి జీతం అందుకోకముందే అప్పుతో జీవితం మొదలుపెట్టాలని నేను కోరుకోను. ప్రజల డబ్బుతో చదివించాలన్నదే మీ పుట్టుకలోని మాట. ఆ మాట మీరు వదులుకోకూడదు.

మిమ్మల్ని ఎత్తేయాలని అనేవాళ్లతో నేను ఎన్నోసార్లు గొడవపడ్డాను, ఇకముందు కూడా పడతాను. ఉచితాలు అన్న మాట మీ విషయంలో ఎవరైనా వాడితే నాకు కోపం వస్తుంది. మీరు మా పిల్లల హక్కు. హక్కు కాబట్టే తేదీ అడుగుతున్నాను.

ఏడాదికి నాలుగు తేదీలు ప్రకటించండి, ఆ తేదీల్లో విడుదల చేయండి. సర్కారు ఉద్యోగుల జీతాలు ఒకటో తారీఖుకు వేయగలిగిన ఖజానా దీన్ని చేయలేదని నేను నమ్మను. మీరు కట్టాల్సిన డబ్బును విద్యార్థి పేరు మీద బాకీగా రాయకూడదని కాలేజీలకు ఉత్తర్వు ఇవ్వండి, బాకీ మీ పేరు మీదే రాయించండి, ఆ బాకీ మీద వడ్డీ కూడా మీరే భరించండి. సర్టిఫికెట్లు ఆపిన కాలేజీ మీద ఫిర్యాదు చేయడానికి జిల్లాకు ఒక అధికారి, ఒక ఫోన్ నంబరు ఉండాలి, వారంలో కాగితాలు చేతికి రావాలి. 35,000 గీతనూ, 1,50,000 గీతనూ ఇవాళ్టి ధరలకు తగ్గట్టు సవరించండి. ఇప్పటికే అప్పు చేసి మీ వాటా కట్టిన కుటుంబాల జాబితా ప్రతి కాలేజీ లెడ్జరులోనూ ఉంది. ముందు వాళ్లకు తిరిగి ఇవ్వండి.

మీ జవాబు తేదీలతో సహా రావాలని కోరుతూ,

ఇట్లు,
ఒక డిగ్రీ కాలేజీ అధ్యాపకురాలు,
ఉమ్మడి నల్గొండ జిల్లా