ఏం పోయింది సార్?

ఆదివారం సాయంత్రం మైపాడు బీచికి వచ్చేవాళ్లంతా సముద్రం వైపు చూస్తారు. నేను నేల చూపులు చూస్తాను. ఎవరి జేబుల్లోంచో జారిపడ్డ చిల్లర వెతకడం నా సరదా. పేకాట లేదు, సిగరెట్టు లేదు, ఉన్న వ్యసనం ఇదొక్కటే. పెట్టుబడల్లా వంగే నడుము.

ఈ సరదాకున్న పెద్ద అడ్డంకి జనం జాలిగుండె. ఇసుకలో కాసేపు వంగితే చాలు, "ఏం పోయింది సార్?" అంటూ ఎవరో ఒకరు వచ్చేస్తారు. "ఏం పోలేదన్నా" అంటే నమ్మరు. ఉంగరమా, తాళాలా అని ఆరా తీస్తారు. ఈలోగా బజ్జీల బండి దగ్గరున్న నలుగురూ వచ్చి, పంచెలు ఎగ్గట్టి ఇసుక కెలకడం మొదలెడతారు. "నాదేం కాదబ్బా, ఎవురిదన్నా పోయుంటే దొరుకుద్దేమోనని" అని నిజం చెప్పామా, నలుగురూ ఒక్కసారే సొంత జేబులు తడుముకుంటారు. పోగొట్టుకున్నవాడికున్న మర్యాద వెతికేవాడికి లేదు. అందుకే ఇప్పుడు ఎవరడిగినా "ఇంటి తాళాలు" అంటున్నాను.

వెతకడానికీ ఓ శాస్త్రముంది. అలల అంచున తిరగడం దండగ. మనిషి జేబులో చెయ్యి పెట్టే చోట వెతకాలి: బజ్జీల బండి ముందు, మోటారు సైకిళ్లు నిలిపే చోట, తడిబట్టలు పిండుకునే చోట. కార్తీక పౌర్ణమి స్నానాల మర్నాడైతే పంట బాగుంటుంది.

గోదావరి, కృష్ణ వంతెనల కింద పిల్లలు తాడుకు అయస్కాంతం కట్టి, రైళ్లలోంచి భక్తులు విసిరిన చిల్లర లాగుతుంటారు. నేనూ ఓ అయస్కాంతం కొన్నాను. నాణేలకంటే ముందు నల్లఇసుక వచ్చి దానికి గడ్డంలా మొలిచింది. పైగా అయస్కాంతానికి కులభేదం ఉంది. స్టీలు రూపాయిని దగ్గరికి తీస్తుంది, నికెల్ కలిసిన ఇత్తడి ఐదు రూపాయల బిళ్లను చూసి మొహం తిప్పుకుంటుంది. విలువ తెలియని లోహంతో వేగలేక మళ్లీ కళ్లనే నమ్ముకున్నాను.

"పెట్రోలు ఖర్చయినా వస్తుందా?" అని మా ఆవిడ అడుగుతుంది. అప్పుడు నేను చరిత్ర తీస్తాను. 1780లలో నెల్లూరు దగ్గర ఓ రైతు దుక్కి దున్నుతుంటే నాగలికి ఇటుకలు తగిలాయి. తవ్వితే చిన్న గుడి శిథిలాలు, వాటి కింద ఓ కుండ, కుండలో రోమన్ బంగారు నాణేలు. ట్రాజన్, హాడ్రియన్ చక్రవర్తుల కాలంవి, కొన్నయితే అప్పుడే టంకశాల నుంచి వచ్చినట్టున్నాయట. మద్రాసు మాజీ గవర్నరు అలెగ్జాండర్ డేవిడ్‌సన్ 1787లో ఈ సంగతి ఉత్తరంలో రాశాడు. పాపం ఆ రైతు వాటిని పాత బంగారం లెక్కన అమ్మేశాడు, చాలామటుకు కరిగిపోయాయి. "చూశావా, మన జిల్లా మట్టి అలాంటిది" అంటాను. "ఆయన దున్నుతుంటే దొరికాయండీ, ఊరికే తిరుగుతుంటే కాదు" అంటుంది.

నా సరదాకు అసలు గండం ఫోన్లతో వచ్చింది. బజ్జీల బండికి స్కానర్ వేలాడుతోంది, బఠాణీలమ్మే పిల్లాడి మెళ్లోనూ అదే. జేబులో చిల్లరే లేనివాడు ఏం పారేసుకుంటాడు? దేశమంతా డిజిటల్ అయిందని సంబరపడే పెద్దలకు నాబోటివాడి ఉపాధి సంగతి పట్టలేదు. ఎప్పుడన్నా ఓ పావలా కనిపిస్తే సంతోషమే, కానీ పావలాలు 2011 జూన్ 30 నుంచి చెల్లవు.

దీనికితోడు చట్టమొకటి. 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ప్రకారం నేలలో దాగిన సొత్తు పది రూపాయల విలువ దాటితే, దొరికినవాడు కలెక్టరుకు రాతపూర్వకంగా తెలపాలి. పది దాకా బెంగలేదు. కానీ 2020లో పన్నెండంచుల ఇరవై రూపాయల నాణెం చలామణిలోకి వచ్చింది! అది ఇసుకలో కూరుకుపోయి కనిపిస్తే నా గతేమిటి? దరఖాస్తు రాయాలి, స్పీడ్ పోస్టు చెయ్యాలి, దానికయ్యే ఖర్చు ఇరవై దాటుతుంది. విచారణకు పిలిస్తే ఆ రోజు సెలవు పెట్టాలి. ఈ బాధంతా మా ఆవిడకు చెప్పుకున్నాను.

"ముందు ఇరవై దొరకనీండి, కలెక్టరుకు నేనే ఫోన్ చేస్తాను" అంది.