డోంబివలి బావగారు

ప్రతి తెలుగింటికీ ఒక బొంబాయి బావగారు ఉంటారు. లేకపోతే పక్కింటికైనా ఉంటారు. మా బావగారు ఉండేది నిజానికి బొంబాయిలో కాదు, డోంబివలిలో. కోట ప్రాంతంలో ఉన్న ఆఫీసుకు అక్కణ్ణుంచి సుమారు యాభై కిలోమీటర్లు. పెళ్లిచూపులనాడు ఆ సంగతి చెప్పలేదని మా నాన్నగారికి ఇప్పటికీ గుర్రే. "ఫాస్టు లోకల్లో గంట పైన కాస్తండీ, అంతే" అంటారు బావగారు. ఆయన దగ్గర కిలోమీటర్లు చెల్లవు, నిమిషాలే చెల్లుతాయి. అవి కూడా చిల్లర నిమిషాలు. ఏడున్నర బండి అనే మాట ఆయన నోట రాదు. ఏడూ నలభై మూడు, ఎనిమిదీ ఒకటి.

మా చిన్నాన్న కొడుకు పెళ్లికి పురోహితుడు ముహూర్తం తొమ్మిదీ పదిహేడు అన్నాడు. మా అనపర్తిలో ఆ మాట నిజంగా నమ్మినవాడు ఈయనొక్కడే. తొమ్మిదీ పదిహేనుకల్లా గుప్పెట్లో అక్షింతలు బిగించి మండపం మెట్టు మీద నిలబడ్డారు. పెళ్లికొడుకింకా గడ్డం గీసుకుంటున్నాడు.

లోకల్ బండి శాస్త్రం వేరు. ముగ్గురు పట్టే బల్ల మీద నలుగురు కూర్చోవడం అక్కడ ధర్మం. 'ఫోర్త్ సీట్' అంటారు. ఆ నాలుగోవాడికి ఒక తొడ బల్ల మీద, రెండోది దైవాధీనం. బద్లాపూర్, అంబర్‌నాథ్‌ల నుంచి వచ్చే బండి డోంబివలి చేరేసరికే నిండి ఉంటుంది. అందుకని కొందరు తెలివిమంతులు ముందు వెనక్కి కల్యాణ్ దాకా వెళ్లి, అక్కడ సీటు పట్టుకుని, మళ్లీ సొంత ఊరి మీదుగానే ఆఫీసుకు పోతారు. బావగారికి అది గిట్టదు. "వరస తప్పి విస్తరి ముందు కూర్చున్నట్టోయ్" అంటారు. ముప్పై ఏళ్లుగా ఆయనది నాలుగో సీటే, అదీ దొరికిననాడు.

దిగడం ఇంకో విద్య. దాదర్‌లో దిగాలంటే కుర్లాలోనే లేచి తలుపు వైపు జరగాలి. ఏ పక్కన ప్లాట్‌ఫారం వస్తుందో ముందే తెలియాలి. ఆ తరవాత కాళ్లతో పనిలేదు, జనమే దింపుతారు. దిగే ఉద్దేశం లేకపోయినా దింపుతారు. ఈ విద్య ఆయన రాజమండ్రి బస్సులో కూడా ప్రదర్శించారు. అనపర్తి ఎప్పుడొస్తుందో అని కడియంలోనే లేచి, ముందున్న పెద్దమనిషి భుజం తట్టి "దిగుతారా?" అని అడిగారు. "ఎందుకు దిగాలి?" అన్నాడాయన. పాపం, అడగదగ్గ మాటే.

పుట్టినరోజులు బావగారికి గుర్తుండవు, మా అక్కయ్యది కూడా. 1925 ఫిబ్రవరి 3 మాత్రం నిద్రలో లేపినా చెబుతారు. ఆరోజే విక్టోరియా టెర్మినస్ నుంచి కుర్లాకు, హార్బర్ లైను మీద, దేశంలోనే మొదటి కరెంటు రైలు నడిచింది. 1500 వోల్టుల డీసీ కరెంటు. తరవాత తరవాత 25,000 వోల్టుల ఏసీకి మార్చుకుంటూ వచ్చారు. ఆఖరి డీసీ లోకల్ 2016 ఏప్రిల్‌లో నడిచింది, అదీ హార్బర్ లైను మీదే. ఆ ముచ్చట చెప్పేటప్పుడు ఆయన గొంతు కొంచెం జీరబోతుంది. "పుట్టిన గడపలోనే పోయింది, పుణ్యాత్మురాలు" అంటారు. సొంత మేనత్త పోయినప్పుడు ఆయన ఇంతగా అయిపోలేదని అక్కయ్య దెప్పుతుంది.

అక్కయ్యదీ అదే బండి, లేడీస్ డబ్బా. సాయంత్రం తిరుగు ప్రయాణంలో చిక్కుడుకాయలు ఈనెలు తీసుకుంటూ వస్తుంది. ఇల్లు చేరి పొయ్యి మీద పడెయ్యడమే తరువాయి. మొగుడూ పెళ్లాలు రోజూ ఒకే రైల్లో రెండు కాపురాలు చేస్తున్నారని మా అమ్మ బెంగ. బావగారి డబ్బాలో ఎనిమిదిమంది జట్టు. వాళ్ల ఇళ్లెక్కడో ఆయనకు తెలియదు గానీ, ఎవరికి షుగరు ఎంతుందో, ఎవరి కూతురికి సంబంధం ఎందుకు తప్పిపోయిందో తెలుసు. దసరాకు మనం సైకిలుకూ కుట్టుమిషనుకూ పసుపు రాసినట్టు, వాళ్లు డబ్బాకు పూలదండలు కట్టి పూజ చేస్తారు. ప్రసాదం స్టేషన్ స్టేషన్‌కీ పంచుతారు. ఇంట్లో పూజగదిలో ఆయన్ను ఎవరూ చూసినట్టు లేదు.

చిన్నాన్న కొడుకు పెళ్లయిన నాలుగోనాడు బావగారి తిరుగు ప్రయాణం. బొంబాయి బండి రాజమండ్రిలో ఎక్కాలి. అక్కడిదాకా దిగబెడదామని నేనూ మెమూకి టికెట్ తీసుకున్నాను. అక్కయ్య ఇంకో వారం ఉంటానంది. మిట్టమధ్యాహ్నం, అనపర్తి ప్లాట్‌ఫారం మీద మేమిద్దరం, మజ్జిగ అమ్మే ముసలాయన, ఒక మేక. బండి ఆగీ ఆగకముందే బావగారు సంచీ గుండెకు హత్తుకుని, భుజం ముందుకు పెట్టి, ఎవరూ లేని తలుపును తోసుకుంటూ లోపలికి దూరిపోయారు.

నేను మజ్జిగ తాగి, డబ్బులిచ్చి, నిదానంగా ఎక్కాను. డబ్బా అంతా ఖాళీ. పంకాలు తిరుగుతున్నాయి. బావగారు ఒక బల్ల చివర, ఒక తొడ మీద, కమ్మీ పట్టుకుని కూర్చుని ఉన్నారు.

"లోపలికి జరగండి బావగారూ, కిటికీ దగ్గర గాలొస్తుంది."

"ఫర్లేదోయ్" అన్నారు. "ద్వారపూడిలో ఎక్కుతారేమో."