మా ట్యాంకులో అందరికీ చోటుంది

అక్వేరియం కొనాలనుకునేవాళ్ళు ఈ మధ్య చేపల గురించి చదివి మరీ కొంటున్నారు. వ్యవహారం అక్కడే చెడుతోంది. చేప కంటికి నచ్చాలి, హాల్లో గోడ రంగుకి నప్పాలి. ఒకదానికొకటి పడుతుందా లేదా అన్నది వాటి ఇంటి విషయం, మనం తలదూర్చకూడదు. మూడేళ్ళుగా పెంచుతున్నవాణ్ణి చెబుతున్నాను. డబ్బిచ్చి కొన్నవే 112 చేపలు. అనుభవం ఎంతటిదో మీరే చూసుకోండి.

ముందు ట్యాంకు. మాది అడుగున్నర పొడవు, 10 అంగుళాల వెడల్పు, అడుగు ఎత్తు. షోకేసు అరలో ఎంత పడుతుందో అంత కొన్నాం. అంచుదాకా పోస్తే 35 లీటర్లు. గులకరాళ్ళు, వంతెన, బుడగలొచ్చినప్పుడల్లా నోరు తెరిచే మొసలి బొమ్మ పెట్టాక మిగిలేది రెండు బిందెల నీళ్ళు. అందులో పాతిక చేపలు ఇరుకంటారు. రెండు గదుల్లో మేం ఏడుగురం ఉండట్లేదా?

కొత్త ట్యాంకులో నాలుగైదు వారాలు చేపలు వెయ్యొద్దని ఇంకో చాదస్తం. రోజూ చిటికెడు మేత మాత్రం వేస్తూ ఉండాలట. అది కుళ్ళి అమ్మోనియా పుడుతుందట. దాన్ని నైట్రైట్‌గా, ఆ నైట్రైట్‌ని నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా ఫిల్టర్లో కుదురుకునేదాకా ఆగాలట. ఆదివారం చుట్టాలు భోజనానికొస్తున్నారు. ఖాళీ ట్యాంకు చూపించి ‘ఇందులో బ్యాక్టీరియా పెంచుతున్నామండీ’ అంటామా? పొద్దున మంజీరా నీళ్ళు పట్టండి, మధ్యాహ్నానికి చేపలు వేసెయ్యండి. క్లోరిన్ వాసనొస్తే నీళ్ళు శుభ్రంగా ఉన్నట్టే. చేపలన్నీ పైకొచ్చి నోళ్ళు తెరుస్తుంటే మా పిల్లలు ‘నాన్నా, హాయ్ చెప్తున్నాయి’ అన్నారు. పసివాళ్ళ సంతోషం ఎందుకు చెడగొట్టడమని ఊరుకున్నాను.

ఇక ఎంపిక. మొదట గోల్డ్‌ఫిష్, తొమ్మిది. వాస్తు ప్రకారం ఎనిమిది బంగారు రంగువి, ఒకటి నల్లది. ఈ లెక్క చెప్పినాయన మా ట్యాంకు ఎన్ని లీటర్లని అడగలేదు కాబట్టి అది అవసరం లేని సంగతే అయ్యుండాలి. మా మేనకోడలు మాత్రం, ‘మావయ్యా, గోల్డ్‌ఫిష్ చల్లటి నీళ్ళ చేప, 20 డిగ్రీల దగ్గర హాయిగా ఉంటుంది. ఆరేడు అంగుళాలు పెరుగుతుంది, పదేళ్ళ పైనే బతుకుతుంది, నీళ్ళని విపరీతంగా పాడు చేస్తుంది’ అని చెప్పుకొచ్చింది. హైదరాబాదులో, మే నెలలో, ఫ్యాను కింద కూర్చుని చెప్పింది. మా గోల్డ్‌ఫిష్‌లలో ఏదీ రెండంగుళాలు దాటలేదు. పదేళ్ళ మాట దేవుడెరుగు, పది వారాలున్నదీ లేదు. కాబట్టి పెద్దవైపోతాయేమోనన్న బెంగ పెట్టుకోకండి.

పోతే బాధ కూడా పడకండి. ఇంటి మీదికి రావలసిన గండాన్ని చేప తన మీద వేసుకుని పోయిందనుకోవాలి. ఆ లెక్కన మా ఇంటికి ఇప్పటికి 111 గండాలు తప్పాయి. ఇన్ని గండాలున్న ఇల్లు మీకెవరు చూపించారని మా ఆవిడ అడుగుతూంటుంది.

ట్యాంకుకి కళ రావాలంటే ఫైటర్ ఉండి తీరాలి. నీలం ఒళ్ళు, పట్టుచీర కుచ్చిళ్ళలా విప్పారే తోక. షాపులో దాన్ని ఒక్కదాన్నే సీసాలో పెట్టి ఉంచుతారు. ఎందుకలా అని అడక్కండి, జాలిపడండి. నేను జాలిపడి, తోడుగా ఇంకో మగ ఫైటర్ని తెచ్చాను. రెండూ మొప్పలు విప్పుకుని గుండ్రంగా తిరిగాయి. నాట్యమనుకుని వీడియో తీశాను. సాయంత్రానికి ఒకటే తిరుగుతోంది. 2019లో థాయ్‌లాండ్ ఈ చేపని తమ జాతీయ జలచరంగా ప్రకటించుకుందని, పందేలకోసం అక్కడ తరతరాలుగా పెంచిన జాతి అని తర్వాత తెలిసింది. తెలిసి చేసేదేముంది, వీడియో అప్పటికే గ్రూపులో పెట్టేశాను.

మిగిలినదానికి తోడు కావాలి కదా. ఈసారి జాతి మార్చి, ఆరు టైగర్ బార్బ్‌లు తెచ్చాను. మొదటిరోజు ఫైటర్ తోక అంచున గోటితో గిల్లినట్టు చిన్న చిన్న గాట్లు కనిపించాయి. రెండో రోజుకి కుచ్చిళ్ళు పోయి ఈనెలు తేలాయి, అరిగిపోయిన చీపురులాగా. మూడోరోజు అది ఫిల్టర్ వెనక సందులోకి దూరి, నీళ్ళ పైకి మూతి ఆనించి, ఒక్కో గుక్క గాలి మింగుతూ నిలబడింది. పైగాలి పీల్చుకునే ఏర్పాటు దానికి పుట్టుకతోనే ఉంది, అందుకే అంతసేపైనా ఉంది. నేను నాలుగు గింజలు మేత వేశాను. అవి దాని మూతి ముందు నుంచే బార్బ్‌లు ఎత్తుకుపోయాయి.

ఏంజెల్, నియాన్ జోడీ కూడా వేసి చూడండి. ఏంజెల్ రూపాయి బిళ్ళంత ఉన్నన్నాళ్ళూ ఏ గొడవా ఉండదు. అది అరచేయంత అయ్యాక, రాత్రి ఎనిమిది నియాన్‌లు లెక్కపెట్టి పడుకుంటే పొద్దున ఏడుంటాయి. మర్నాడు ఆరు. మా అబ్బాయికి తీసివేతలు ఇలాగే వచ్చాయి. నియాన్‌లకి మెత్తటి నీళ్ళు కావాలంటారు గానీ, గిన్నెకి తెల్లటి పొర కట్టే మా బోరు నీళ్ళలో మేం బతకట్లేదా?

గప్పీలు తప్పకుండా జతగానే కొనండి. నెల నెలా ఇరవై ముప్పై పిల్లలు. మగదాన్ని తీసేసినా ఆగదు, ఒక్కసారి కలిస్తే ఆడది నెలల తరబడి ఈనుతూనే ఉంటుంది. అక్కడ కూడా మా మేనకోడలు అడ్డం పడింది. ‘మావయ్యా, ఈ ట్యాంకుకి ఒక్క ఫైటర్ చాలు. కాదంటే ఆరు గప్పీలు, అన్నీ మగవే. రెండిట్లో ఏదో ఒకటి’ అంది. ఆరు చేపలకోసం ట్యాంకు కొనుక్కునే ఖర్మ మనకేంటి?

పిల్లలు షార్క్ కావాలని పేచీ పెట్టారు. షాపులో షార్క్ అంటే వేలెడు పొడవున వెండిలా మెరిసే చేప, జత లెక్కన ఇస్తారు. తెచ్చిన వారానికి కైకలూరు నుంచి మా బావగారొచ్చారు. కళ్ళజోడు పైకెత్తి, వంగి చూసి, ‘ఇది ఫంగస్ కదయ్యా’ అన్నారు. చేపకి రోగమొచ్చిందేమోనని మందు కోసం షాపుకి పరిగెత్తాను. తిరిగొచ్చాక విషయం చెప్పారు. పంగాసియస్‌కి వాళ్ళ వైపు పిలుపుపేరు అది. కొల్లేరు చుట్టూ చెరువుల్లో టన్నులకొద్దీ పెంచి, కిలో దాటాక పట్టి లారీలకెక్కిస్తారు. పట్టకుండా వదిలేస్తే మీటరు కూడా దాటుతుంది. బాసా పేరుతో ముల్లు లేని ముక్కలుగా మనకి అమ్మేది చాలా చోట్ల ఇదే. ఆ రాత్రి హోటల్లో ఫిష్ ఫ్రై ప్లేటు నా వైపు జరుపుతూ, ‘మీ షార్క్ పెద్దదైతే ఇంత రుచిగా ఉంటుంది’ అన్నారు బావగారు.

ఆఖరుగా సక్కర్. అద్దానికి నోరు అంటించుకుని నాచు తింటుంది, ట్యాంకు కడిగే పని తప్పుతుంది అంటారు. నేనూ అందుకే మూడంగుళాల పిల్లని తెచ్చాను. అద్దం మీద నాచు పోయింది. దాని బదులు అడుగున నల్లటి పెంట, వేలెడు వేలెడు దారాలుగా, కడిగినకొద్దీ వచ్చింది. 112లో ఇప్పుడు మిగిలింది ఇదొక్కటే. అడుగు దాటింది. 10 అంగుళాల వెడల్పులో అటు తిరగాలంటే తోక మడుచుకుని అద్దానికి ఒరుసుకుంటూ తిరుగుతుంది. ఆ చప్పుడు రాత్రిళ్ళు పడగ్గదిలోకి వినిపిస్తుంది.

ఇలా పెరిగిపోయినవాటిని చెరువులో వదిలెయ్యండి, పుణ్యం కూడా దక్కుతుంది. జాలర్లు దీన్ని దెయ్యపు చేప అంటారట. ఒళ్ళంతా పెంకు, రెక్కల ముళ్ళకి వలలు చిరుగుతాయి, సంతలో కొనే దిక్కుండదు. సీసీఎంబీ శాస్త్రవేత్తలు తూర్పు కనుమల్లో నీళ్ళు పట్టి అందులోని డీఎన్ఏ పరీక్షిస్తే, నూటికి 60 జలవనరుల్లో దీని జాడ దొరికిందట. మిగతా 40 ఇంకా ఖాళీగానే ఉన్నాయి కదా.

బావగారి చెరువులో వేద్దామని ఫోన్ చేశాను. ‘దాంతోపాటు నిన్నూ అందులోనే వేస్తాను’ అన్నారు. వేరే చెరువేదైనా చూసుకోవాలి. పట్టుకెళ్దామంటే మా బకెట్లో పట్టడం లేదు. మీ ఇంట్లో పాత డ్రమ్ము ఉంటే చెప్పండి.