'గేము కొత్తదయ్యె' పద్యానికి రీస్టార్టినీ వ్యాఖ్య

బాలానగర్ ఫ్లైఓవర్ కింద నిలబడితే ఒక రోడ్డు నర్సాపూర్ మీదుగా మెదక్ వైపు పోతుంది. ఫ్లైఓవర్ 2021 జులైలో వచ్చింది. మెట్రో స్టేషన్ అంతకు ముందే, 2017 నవంబరులో వచ్చింది. ఎన్ని వచ్చినా ఆటోవాళ్లకు ఇది నర్సాపూర్ చౌరస్తానే. ఆ మెదక్ దగ్గర్లోనే కొల్చారం ఉంది. కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్యలు రాసిన కోలాచల మల్లినాథసూరిది ఆ ఊరేనంటారు. దుర్వ్యాఖ్యల విషం ఎక్కి మూర్ఛపోయిన కవిత్వాన్ని బతికిస్తున్నానని చెప్పి ఆయన తన వ్యాఖ్యకు సంజీవని అని పేరు పెట్టుకున్నాడు. ఆధారం లేనిది రాయననీ, అవసరం లేనిది చెప్పననీ రెండు ఒట్లు కూడా పెట్టుకున్నాడు. మొదటి ఒట్టు నేనూ పెట్టుకోగలను. రెండోది జూనియర్ కాలేజీలో ఇరవై రెండేళ్లుగా తెలుగు చెబుతున్నవాడి వల్ల అయ్యే పని కాదు.

నాకు దొరికిన రోగి కవిత్వం కాదు, కంప్యూటరు. కాబట్టి ఈ వ్యాఖ్యకు 'రీస్టార్టిని' అని నామకరణం చేశాను.

మూలం దొరికిన వైనం ముందు చెప్పాలి. మా వాడు ఇంటర్ సెకండియర్. హైటెక్ సిటీలో ఏదో ఆఫీసు వాడి వదిలించుకున్న డెస్క్‌టాప్ ఒకటి సెకండ్ హ్యాండులో కొన్నాం: ఐ5 3470 ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్. ఆన్‌లైన్ క్లాసులకన్నాడు. క్లాసులు నడిచాయి. ఆ తర్వాత గుర్రాల ఆట ఒకటి తెచ్చి ఎక్కించాడు. అది నడవలేదు, పాకింది. లేత్ మెషీన్ల సందులో ఉన్న రిపేరు షాపుకు మోసుకుపోయాం. షాపు కుర్రాడు డబ్బా పక్క రేకు ఊడదీసేసరికి, దాని లోపలి వైపు మార్కర్ పెన్నుతో రాసిన ఆటవెలది బయటపడింది. "ఆఫీసోళ్లల్ల గూడ కవులుంటరా సార్?" అని కుర్రాడు ఆశ్చర్యపోయాడు. ఉంటారు నాయనా, రేకుల వెనక ఉంటారు.

మూలం:

గేము కొత్తదయ్యె సామాను పాతదే
ఫ్యాను మూత దీసి పక్కఁ బెట్టు
నీడలన్ని దించు నిగనిగల్ మానుమా
ముప్పదైనఁ జాలు మురియు కన్ను

ప్రతిపదార్థం: గేము = ఆట; కొత్తది + అయ్యెన్ = కొత్తదైపోయినది; సామాను = ప్రాసెసరు మొదలైన సరంజామా; పాతది + ఏ = పాతది మాత్రమే; మూత = డబ్బా పక్క రేకును; తీసి = వెనక ఉన్న రెండు స్క్రూలు విప్పి తొలగించి; ఫ్యాను = వివాదాస్పదము, ముందు చూడుడు; నీడలు + అన్ని = ఆటలోని సమస్త ఛాయలను; దించు = తక్కువకు తెమ్ము; నిగనిగల్ = మెరుపులను; మానుమా = వదులుకొనుము; ముప్పది + ఐనన్ = సెకనుకు ముప్పై బొమ్మలే వచ్చినను; చాలు = సరిపోవును; కన్ను మురియు = కన్ను సంతోషించును.

ఆటకు ఆటవెలది ఎంచుకోవడంలోనే కవి ఔచిత్యం తెలుస్తోంది. మొదటి పాదంలో యతి లేదని తొందరపడి ఎర్ర ఇంకు తీయకండి. 'గేము'కూ 'సామాను'కూ ప్రాసయతి.

గేము. ఏ గేము? జీటీఏ ఫైవ్ అని ఒక పక్షం. అది పీసీకి 2015 ఏప్రిల్‌లో వచ్చింది. దానికి కంపెనీ సిఫారసు చేసిన ప్రాసెసరు అక్షరాలా ఈ ఐ5 3470యే. సిఫారసు చేసిన సరంజామా చేతిలో ఉన్నవాడు పద్యం ఎందుకు రాస్తాడు? కనుక ఆ పక్షం నిలవదు. మా వాడి పక్షం రెడ్ డెడ్ రిడెంప్షన్ 2. అది పీసీకి 2019 నవంబరులో వచ్చింది. డిస్కులో 150 జీబీ చోటు అడుగుతుంది. కనీసం జీటీఎక్స్ 770 స్థాయి గ్రాఫిక్ కార్డు, 8 జీబీ ర్యామ్ ఉండాలంటుంది. 'కొత్తదయ్యె' అన్న క్రియలో వినిపించే నిట్టూర్పు దీనికే సరిపోతుంది.

సామాను పాతదే. బాలానగర్‌లో 'పాత' అనేది తిట్టు కాదు. హిందుస్థాన్ ఏరోనాటిక్స్ వారి విమాన ఎలక్ట్రానిక్స్ విభాగం, 1968లో మొదలైన టూల్ డిజైన్ సంస్థ, వాటి చుట్టూ సందు సందునా చిన్న చిన్న షెడ్లు. తండ్రి కొన్న లేత్ మీద కొడుకు పని చేస్తుంటాడు. బెడ్ అరిగితే గ్రైండింగ్ కొట్టిస్తాడు, బేరింగులు మారుస్తాడు, మళ్లీ మొదలుపెడతాడు. మిషను ఎప్పటిదని ఎవరూ అడగరు. ఎన్ని మైక్రాన్ల తేడా వస్తుందని అడుగుతారు. ఆ సందులోనే షాపు పెట్టుకున్న కుర్రాడు కూడా మా డబ్బాను అదే చూపు చూశాడు. "బండి మంచిగనే ఉంది సార్. కార్డ్ లేకుంట ఈ గేమ్ నడ్వది. సెవెన్ ఫిఫ్టీ టీఐ ఉంది, పాతది. పదిహేను దినాలు టెస్టింగ్ వారంటీ." ఆ కార్డే ఎందుకంటే, అది అరవై వాట్లతో బతుకుతుంది. మదర్‌బోర్డు స్లాటు నుంచి వచ్చే కరెంటే దానికి చాలు. ఆఫీసు డబ్బాల్లో పవర్ సప్లై చిన్నది. పెద్ద కార్డుకు వేరే వైరు కావాలి, ఆ వైరు ఇందులో ఉండదు. అడిగిన 770కి ఇది తక్కువే. కాని లేని మేనమామ కంటే గుడ్డి మేనమామ నయం కదా.

అయితే 'పాతదే' అన్న ఏవకారం మీద నాకు ఆక్షేపణ ఉంది. ఏవకారం అవధారణార్థకం. తప్పంతా సామానుదే, మరి దేనిదీ కాదని కవి తేల్చేస్తున్నాడు. ఇది అతివ్యాప్తి. జీటీఏ ఆన్‌లైన్ సంగతి చూడండి. తెరుచుకోవడానికి కొందరికి ఆరేసి నిమిషాలు పట్టేది. అందరూ తమ పాత కంప్యూటర్లనే తిట్టుకున్నారు. 2021 ఫిబ్రవరిలో కంపెనీతో సంబంధం లేని ఒక ప్రోగ్రామరు ఆ ఆరు నిమిషాలూ మిషను లోపల ఏం చేస్తోందో తవ్వి చూశాడు. ఆటలో అమ్మే సరుకుల జాబితా ఒకటి, సుమారు 10 ఎంబీ. ప్రోగ్రాము ఒక్కో ముక్క చదివినప్పుడల్లా మిగిలిన జాబితా పొడవెంతో చివరిదాకా పోయి కొలిచి వస్తోంది. ఆ తర్వాత ఆ 63 వేల సరుకుల్లో ఒక్కొక్కటీ ఇంతకు ముందే వచ్చిందేమోనని మొదటి నుంచీ వెతుకుతోంది. పెళ్లిలో చదివింపులు రాసేవాడు ప్రతి పేరుకూ పుస్తకం మొదటి పేజీ నుంచి తిరగేసినట్టు. అతను అది సరిచేస్తే కాలం డెబ్బై శాతం దాకా తగ్గింది. మార్చిలో కంపెనీ ఆ దిద్దుబాటును స్వీకరించి, అతనికి పది వేల డాలర్లు ఇచ్చింది. కాబట్టి 'పాతదే' అని తీర్మానించే ముందు ఒకసారి టాస్క్ మేనేజర్ తెరిచి చూడవలెనని రీస్టార్టినీకారుని మతం. మా ఇంట్లో తెరిచి చూస్తే వెనకాల బ్రౌజరులో ముప్పై ఒక్క ట్యాబులున్నాయి. అందులో ఒకటి కూడా ఫిజిక్స్ కాదు.

ఫ్యాను. ఇక్కడ రెండు అన్వయాలున్నాయి. 'ఫ్యాను మూత'ను షష్ఠీ తత్పురుషగా తీసుకుంటే, ప్రాసెసరు ఫ్యాను మీది మూత ఊడదీసి పక్కన పెట్టమని అర్థం. మా వాడు ఈ అన్వయం ప్రకారం చేశాడు, ఆట ఇంకా మందగించింది. ఎందుకంటే ఆఫీసు డబ్బాల్లో ఆ ప్లాస్టిక్ మూత గాలిని దారి మళ్లకుండా వేడి రేకుల మీదికి తోలే కాలువ. గట్టు తెంపితే నీళ్లు పొలానికి చేరతాయా? వేడి వంద డిగ్రీల దగ్గరికి పోతే ప్రాసెసరు ప్రాణం కాపాడుకోవడానికి తన వేగం తానే తగ్గించుకుంటుంది. తెర మీద గుర్రం ఉన్నట్టుండి ఎద్దయ్యేది అందుకే.

రెండో అన్వయం దూరాన్వయం: మూత తీసి, ఫ్యాను పక్కన పెట్టు. అంటే రేకు ఊడదీసి, టేబుల్ ఫ్యాను తెచ్చి డబ్బా పక్కన పెట్టడం. దీనికి అంతస్సాక్ష్యం కూడా ఉంది. పద్యం రేకు లోపలి వైపున ఉంది. రేకు తీసినవాడికి తప్ప కనపడదు. మూత తీయనివాడికి ఈ కవి చెప్పేదేమీ లేదు. అయితే మా ప్రాంతానికి ఒక విశేష నియమం. పక్కనే లేత్ నడుస్తుంటే తెరిచిన డబ్బాలోకి ఇనుప రజను ఎగిరి వస్తుంది. అది మామూలు దుమ్ము కాదు, కరెంటు పారించే దుమ్ము. మదర్‌బోర్డు మీద పడితే ఆట కాదు, కథే ముగుస్తుంది. కుర్రాడు బ్లోయరుతో కొట్టి, ఎండి పెచ్చులైన థర్మల్ పేస్టు గీకి కొత్తది పూసి, రేకు మళ్లీ బిగించుకోమన్నాడు. మేం బిగించలేదు. కవి మాట ఉంది కదా.

నీడలన్ని దించు. ఈ పద్యానికి ప్రాణం ఇక్కడుంది. నీడలే ఎందుకు? చెట్లు తగ్గించమనొచ్చు, జనాన్ని తగ్గించమనొచ్చు. నీడ గీయాలంటే కంప్యూటరు ముందు సూర్యుడి స్థానంలోకి పోయి, అక్కడినుంచి ఏది కనపడుతుందో ఆ దృశ్యమంతా ఒకసారి లోలోపల గీసుకోవాలి. సూర్యుడికి కనపడనిదేదో తేల్చుకుని, తిరిగి మన కంటి దగ్గరికి వచ్చి మళ్లీ గీయాలి. దగ్గరి నీడలకు ఒక పటం, దూరపు నీడలకు మరొకటి. అంటే మనం చూసే ఒక్క బొమ్మ కోసం అది ఎన్నో బొమ్మలు గీసి పారేస్తోంది. బాలానగర్‌లో మే నెలలో నిలబడ్డ ఎవరినైనా అడగండి, నీడ ఖరీదైన వస్తువేనంటారు.

నిగనిగల్. నీళ్లలో ప్రతిబింబాలు, పొగమంచులో వెలుగు చారలు, అంచులు నునుపు చేసే ఎమ్‌ఎస్‌ఏఏ, ఇవన్నీ నిగనిగలు. కవి ఏది మానమన్నాడో దానికంటే ఏది మానమనలేదో గమనించాలి. టెక్‌స్చర్లు తగ్గించమని ఎక్కడా అనలేదు. కొత్తవాళ్లు చేసే మొదటి తప్పు అదే. రాయి మీది గరుకు, చొక్కా మీది నేత, ఇవి కార్డు సొంత మెమరీలో పట్టినంతవరకు వేగానికి పెద్దగా అడ్డురావు. తగ్గిస్తే బొమ్మ బురదవుతుంది, దక్కే లాభం కొంచెమే. మన కార్డుకున్నది 2 జీబీ, కాబట్టి హద్దు దగ్గరే ఉంది, అది వేరే మాట. నగలు తీసెయ్యి, చీర ఉంచు అని కవి హృదయం. దీన్నే ఆలంకారికులు ధ్వని అంటారు.

'దించు' అన్న క్రియకు కాకాక్షి న్యాయం. కాకి ఒకే కంటిగుడ్డును రెండు వైపులా తిప్పినట్టు, ఈ మాట నీడలకూ తగులుతుంది, రిజల్యూషనుకూ తగులుతుంది. 1920 × 1080 అంటే 20,73,600 చుక్కలు. 1280 × 720 అంటే 9,21,600. సగానికన్నా తక్కువ పని. చిన్న బొమ్మ గీయించి పెద్దది చేసి చూపించే ఎఫ్‌ఎస్‌ఆర్ అనే ఉపాయాన్ని ఏఎమ్‌డీ 2021 జూన్‌లో తెచ్చింది. పోటీ కంపెనీ ఎన్‌విడియా కార్డుల మీదా పనిచేయడం దాని గొప్ప. ఆ రెండు కంపెనీల ఇంజనీర్లూ మన హైదరాబాద్‌లోనే ఉన్నారు. వాళ్లు కొత్త చిప్పులకు గీతలు గీసే ఊళ్లోనే వాళ్ల పాత చిప్పుకు మేం ఫ్యాను పట్టాం. అయితే పెద్దది చేసే పనికి కూడా చిప్పే చాకిరీ చేయాలి. ముసలి కార్డు మీద ఆ లాభంలో కొంత కమీషను కింద పోతుంది.

హార్డ్ డిస్కు గురించి కవి ఒక్క మాటా అనలేదని విమర్శకులు తప్పు పడతారు. నాలుగు పాదాల్లో ఎన్ని పడతాయి? అధ్యాహారం చేసుకోవాలి. ఈ ఆటలో గుర్రం పరుగెత్తుతుంటే ముందున్న లోకం డిస్కులోంచి అప్పటికప్పుడు రావాలి. తిరిగే పళ్లెం మీద వెతుక్కుంటూ తెచ్చే పాత డిస్కు ఆ పరుగు అందుకోలేదు, బొమ్మ ఒక్క క్షణం కొయ్యబారుతుంది. ఎస్‌ఎస్‌డీ వేస్తే ఆ కొయ్యబారడం చాలావరకు పోయింది. ర్యామ్ కూడా ఒకే 8 జీబీ కడ్డీ కంటే రెండు 4 జీబీ కడ్డీలు మేలు. రెండు దారుల్లో సరుకు వస్తుంది.

ముప్పదైనఁ జాలు. దీనికి మా వాడు ఒక పాఠాంతరం ప్రతిపాదించాడు: 'అరువదైనఁ జాలు'. అ-కూ ము-కూ యతి చెల్లదురా, అవతలికి పో అన్నాను. వాడు పోయాక వేళ్ల మీద లెక్కపెట్టుకుంటే 'అరువ', 'మురియు' ప్రాసయతి శుభ్రంగా కుదిరింది. గణాలూ సరిపోయాయి. ఛందస్సు ఒప్పుకుంది. 750 టీఐ ఒప్పుకోలేదు.

అరవై కావాలంటే ఒక్కో బొమ్మను పదహారు పదిహేడు మిల్లీసెకన్లలో గీయాలి. ముప్పైకైతే ముప్పై మూడు. మన కార్డు ఖాళీ మైదానంలో యాభై ఇస్తుంది, ఊళ్లోకి రాగానే ఇరవై ఎనిమిదికి పడుతుంది. కన్ను అలిసేది తక్కువ వేగానికి కాదు, ఈ ఎగుడుదిగుడుకు. మానిటరు సెకనుకు అరవై సార్లు తెరను తిరగరాస్తుంది. ముప్పై దగ్గర తాడు కట్టేస్తే ప్రతి బొమ్మా సరిగ్గా రెండేసి సార్లు నిలుస్తుంది. నలభై ఐదు వదిలితే కొన్ని ఒకసారి, కొన్ని రెండుసార్లు. తాళం తప్పిన భజన ఎంత జోరుగా ఉన్నా వినలేం. సినిమా సెకనుకు ఇరవై నాలుగు బొమ్మలతోనే మనల్ని ఇన్నాళ్లూ ఏడిపించింది, నవ్వించింది. అయితే సినిమాలో గుర్రానికి కళ్లెం మన చేతిలో ఉండదు. ఆటలో బటను నొక్కినదానికీ గుర్రం తిరిగినదానికీ మధ్య ఆలస్యం వేలికి తెలుస్తుంది. అందుకే కవి జాగ్రత్తగా 'కన్ను' అన్నాడు. వేలు మురియునని అనలేదు.

తాత్పర్యం: ఆట కొత్తది, సరంజామా పాతది. రేకు తీసి ఫ్యాను పెట్టుకో. నీడలూ మెరుపులూ తగ్గించుకో. ముప్పై వస్తే చూడ్డానికి బాగానే ఉంటుంది.

రాత్రి పదకొండు. మూలన అంకె ముప్పై, ఇరవై తొమ్మిది, ముప్పై అని ఆడుతోంది. దూరంగా గుట్ట మీద ఒక గుర్రం నిలబడి ఉంది, కింద నీడ లేదు. దమయంతి స్వయంవరంలో నలుడి రూపంలో కూర్చున్న దేవతలను ఆమె ఇలాగే కదా గుర్తుపట్టింది. వాళ్లకు నీడ పడదు, రెప్ప పడదు, చెమట పట్టదు. ఈ సంగతి చెప్పాలని మా వాడి భుజం మీద చెయ్యి వేశాను. ఇంట్లో ఉన్న ఒక్క టేబుల్ ఫ్యానూ డబ్బా వైపు తిరిగి ఉంది, నా బనీను వీపుకు అంటుకుపోయింది. మెల్లిగా ఫ్యాను మెడ పట్టుకున్నాను.

"ఇటు తిప్పకు నాన్నా, ఫ్రేములు పడిపోతయ్."